ఎడమ సీటు బరువు

అక్క బరువు ఎంతో సరిగ్గా తెలుసుకోవాలని కృపకు లేదు. ఈ మాట ఆమె ఎవరి ముందూ నోరు తెరిచి అనలేదు. చిలుకానగర్ సందులో ఇంటి ముందు కారు ఎడమ పక్కకు ఒరిగి ఉండేది. వీధిలో పోయేవాళ్ళు అది చూసి "ఎల్జమ్మ బాగనే ఉన్నట్టుంది" అనుకుంటూ పోయేవాళ్ళు. కృప కూడా తల ఊపేది. ఊపి, చెప్పులు తొడుక్కొని పనికి పోయేది. ఆ ఒరుగులో అక్క ఎంత, అరిగిన ఇనుము ఎంత అని విడదీసి చూడగల మనిషి ఆ ఇంట్లో తనొక్కతే. అందుకే చూసేది కాదు.

తెల్లారగానే తండ్రి హెన్రీ కారు కడిగేవాడు. నాచారం కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళను ఉప్పల్‌లో ఎక్కించుకొని షిఫ్టు మొదలయ్యేలోపు గేట్ల ముందు దింపడం ఆయన పని. ముగ్గురు వెనక సీట్లో ఇరుక్కొని కూర్చునేవాళ్ళు. ముందర ఎడమ సీటు చూడటానికి ఖాళీ, కానీ ఖాళీ కాదు. ఎవరూ ఎక్కకముందే కారు ఆ పక్క చక్రం మీద కుంగి ఉండేది. సీటు నడిమధ్యన మనిషి కూర్చున్నంత గుంట. ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఎడమ సీటులో మనిషి బెల్టు పెట్టుకోలేదని కారు కూత పెట్టేది. తల్లి సాలమ్మ ఇంట్లోంచి పిండిచేతులతో వచ్చి, వంగి, బెల్టు లాగి బిగించేది. కూత ఆగేది. కారు కదిలేది.

మందుల కంపెనీలో ప్యాకింగు చేసే శాంతాబాయి రోజూ ఎక్కుతూనే ముందు సీటు వైపు వంగేది.

"ఎల్జమ్మా, జర కాళ్ళు మలుచుకో బిడ్డా. నా టిఫిన్ సంచి కింద పెడుత."

ఒకసారి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర కొత్త కానిస్టేబుల్ ఆపాడు.

"ముంగట సీటు ఖాళీ పెట్టుకొని వెనకాల గట్ల ఇరికిచ్చినవేంది?"

"బిడ్డ కూసున్నది సార్," అన్నాడు హెన్రీ.

కానిస్టేబుల్ పక్కకు వచ్చి కుంగిన చక్రం చూశాడు, సీటు గుంట చూశాడు. "బెల్టు పెట్టిచ్చినవు. మంచిది. పో," అన్నాడు.

అందరూ ఎల్జమ్మ అని పిలిచే ఎలిజబెత్ ఆ సీట్లోంచి దిగిపోయింది పోయినేడు, ఈస్టర్‌కు ముందు. ఆ రోజు నలుగురూ చర్చి నుంచి వస్తున్నారు. తండ్రి పక్కన ఎప్పుడూ ఎలిజబెత్తే కూర్చునేది, పెద్దబిడ్డ కదా. తల్లీ, కృపా వెనక.

"జవహర్‌నగర్‌ల రూము చూసుకున్న నాయినా," అంది ఎలిజబెత్. "ఆడ చెత్త ఏరేటోళ్ళ పిల్లలకు సాయంత్రం బడి నడుపుతున్నరు. నేను గూడ చెప్తనన్న."

జనగామ దిక్కు ఊరి నుంచి వచ్చిన కొత్తలో హెన్రీ, సాలమ్మా ఆ జవహర్‌నగర్‌లోనే ఒక రేకుల గదిలో ఉన్నారు. ఎలిజబెత్ నడక నేర్చింది అక్కడే. చెత్తగుట్ట మీద నుంచి గాలి వీస్తే చాలు, ఆ పిల్ల దగ్గి దగ్గి నీలంగా మారేది. ఆ దగ్గు వినలేకే హెన్రీ పొద్దున కూలికి పోయి, సాయంత్రం ఒక లారీ ఆయన కాళ్ళా వేళ్ళా పడి డ్రైవింగు నేర్చుకున్నాడు.

"ఆ వాసనల నుంచి మిమ్ముల ఎత్తుకొచ్చిన. మళ్ళ ఆడికే పోతవా?"

"అందుకే పోతున్న నాయినా. మమ్ముల నువ్వు ఎత్తుకొచ్చినవు. వాళ్ళను ఎవరు ఎత్తుకొస్తరు?"

ఆ మాటలో పొగడ్త ఉంది. హెన్రీకి అది వినిపించలేదు.

"గట్లయితే దిగు," అన్నాడు.

సిగ్నల్ ఎర్రగా ఉంది. ఎలిజబెత్ దిగింది. తలుపు మెల్లగా వేసింది. ధడేలుమని వేసినా బాగుండేదని సాలమ్మ ఇప్పటికీ అంటుంది. సిగ్నల్ మారింది, వెనక హారన్లు మొదలయ్యాయి, కారు కదిలింది. అప్పుడు గమనించింది కృప. మనిషి దిగితే బండి ఆ పక్క కొంచెం పైకి లేవాలి. లేవలేదు.

మర్నాడు ఈ సంగతి తను పనిచేసే షాపులో చెప్పింది. నాచారం రోడ్డు మీద కార్ల చక్రాలు సరిచేసే, అంటే అలైన్‌మెంట్ చేసే షాపు అది, యజమాని బిక్షపతి. ఫోన్లు ఎత్తడానికి చేరిన కృప, మెషీన్ దగ్గర నిలబడి చూసీ చూసీ పని పట్టేసింది. ఆయన జ్వరంతో రాని ఒక రోజు తనే ఒక బండి సెట్ చేసి పంపింది. అప్పటి నుంచి ఫోన్లు ఆయన ఎత్తుతున్నాడు.

బిక్షపతి టీ ఊదుకుంటూ విన్నాడు. "కోపంల దింపినోళ్ళ బరువు బండిలనే ఉంటది చెల్లే. బోడుప్పల్ కెల్లి ఒక తెల్ల కారు వస్తుండె. వెనక సీట్ల ఆ బండాయన తమ్ముని బరువుండె. మస్తు దినాలు మోసిండు పాపం."

"తర్వాత?"

"తమ్ముడు వచ్చి ఎక్కిండు. దిగిండు. బండి సక్కగైంది. గంతే."

ఆ బరువు ఎక్కడో ఉన్న ఎలిజబెత్‌తో పాటే పెరిగేది, తరిగేది. చక్రానికీ, పైన రేకుకూ మధ్య సందులో వేళ్ళు పెట్టి చూడటం సాలమ్మకు అలవాటైంది. ఎండాకాలంలో నాలుగు వేళ్ళు పట్టాయి. "పిల్లకు వడదెబ్బ గిట్ల తగిలిందో ఏమో" అని ఆ వారమంతా ఆమెకు అన్నం సహించలేదు. క్రిస్మస్‌కు మూడు వేళ్ళే పట్టాయి. "కేకు తిన్నట్టుంది!" అని వీధంతా వినబడేలా నవ్వింది. హెన్రీ కడుగుతున్న బట్ట పిండుతూ అటు తిరిగాడు. నవ్వు కనబడనీయలేదు.

అక్క నంబరు కృప ఫోన్లో ఉంది. మొదట్లో ఎలిజబెత్ మెసేజీ పెట్టేది, "అందరు మంచిగున్నరా" అని. కృప "మంచిగున్నం" అని కొట్టేది. నువ్వెట్లున్నవని ఎన్నడూ అడగలేదు. సాలమ్మ ఒకసారి, "పిల్లకు ఫోన్ చేద్దామా?" అంటే హెన్రీ కారు వైపు చెయ్యి చూపించాడు.

"ఎట్లున్నదో కండ్లకు కనబడుతనే ఉంది గద. ఫోనెందుకు?"

ఆ మాట అందరికీ సరిపోయింది. తిట్టుకోనక్కర లేదు, ఏడవనక్కర లేదు, ముందు ఎవరు మాట్లాడాలన్న పంతం లేదు. పొద్దున్నే వేళ్ళు పెట్టి చూసుకుంటే చాలు. మెసేజీలు కూడా మెల్లగా ఆగిపోయాయి.

ఈ ఏడు వానలు మొదలయ్యాక కారు ఇంకా కుంగింది. మూడు వేళ్ళ సందు రెండైంది, తర్వాత ఒక వేలు దూరడమే కష్టమైంది. సాలమ్మ ఆనందానికి అంతులేదు.

"ఒళ్ళు జేసింది నా బిడ్డ! ఆ బడి పిల్లల తల్లులు మంచిగ చూసుకుంటున్నరు."

"తింటది, ఎందుకు తినదు," అన్నాడు హెన్రీ. ఆ ఆదివారం ఆయన మాంసం తెచ్చాడు.

కారు కుంగుతున్న కొద్దీ స్టీరింగ్ ఎడమకు గుంజసాగింది. చేతులు కొంచెం వదులు చేస్తే చాలు, బండి పక్కకు పోయేది. హెన్రీ కారు తీసుకొని షాపుకు వచ్చేవాడు. "జర సూడు బిడ్డా, లెఫ్ట్‌కు గుంజుతున్నది." కృప చక్రాలకు కొలత పలకలు తగిలించి, మెషీన్ తెర చూస్తూ, కింద రాడ్లు తిప్పి సరిచేసేది. నాలుగు రోజులు సక్కగా నడిచేది. మళ్ళీ మామూలే.

ఎందుకో కృపకు తెలుసు. ఒకసారి చక్రం వెనక చెయ్యి పెడితే వేళ్ళకు నూనె అంటింది. స్ట్రట్ కారుతోంది. స్ట్రట్ అంటే ముందు చక్రం మీద నిలబడిన కారు కాలు. చుట్టూ స్ప్రింగు, లోపల నూనెలో దిగి లేచే ఇనుప కడ్డీ. బరువు మోయడం ఒక్కటే కాదు దాని పని, చక్రాన్ని నిటారుగా పట్టుకునేది కూడా అదే. అది చచ్చుబడితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. టైరు లోపలి అంచు మీద నడుస్తూ, బయటి నుంచి చూసేవాళ్ళకు కొత్తగానే కనిపిస్తూ, లోపల దారాలు తేలేదాకా అరుగుతుంది. తిప్పిన స్టీరింగ్ దానంతట అది మధ్యకు రాదు. ఆ కాలు మార్చకుండా అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేసినా మొదటి గుంత దాకే.

"నాయినా, స్ట్రట్ పోయినట్టుంది. విప్పి చూద్దామా?" అంది కృప, పైపైన అన్నట్టు.

"ముట్టకు దాన్ని." హెన్రీ గొంతు పెరిగింది. "అది మీ అక్క బరువుకు కుంగింది. కొత్త కాలు పెడితే బండి పైకి లేస్తది. పిల్ల ఏడ కూసుంటది?"

ఆయన వద్దన్నందుకు కృపకు గుండెలో చిన్న ఊరట కలిగింది. మళ్ళీ రాడ్లు తిప్పింది. వంగిన కాలుకు తగ్గట్టు చక్రాన్నే వంచి, స్టీరింగ్ సక్కగా ఉన్నట్టు కనబడేలా చేసి ఇచ్చింది.

ఆ మధ్యే ఒక పొద్దున సాలమ్మ బెల్టు పెట్టడం మరిచిపోయింది. కారు కూత పెట్టలేదు.

"సెన్సర్ ఖరాబైనట్టుంది," అన్నాడు హెన్రీ.

వీధిలో చాలామంది కార్లకు సెన్సర్లు పోతుంటాయి. సాలమ్మ మాత్రం బెల్టు పెట్టడం మానలేదు.

తర్వాత కొన్నాళ్ళకు, రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, ఉప్పల్ దగ్గర పిల్లర్ల రోడ్డు మీద ఎడమ చక్రం నీళ్ళు నిండిన గుంతలో దిగింది. కింద టక్‌మని ఏదో విరిగిన చప్పుడు. కారు ఎడమకు తిరిగింది. హెన్రీ స్టీరింగ్ కుడికి కొట్టాడు. అది విన్నది, కానీ ఆలస్యంగా విన్నది. ఆలోపే టైరు పేలింది, కారు బారికేడును గీసుకుంటూ పోయి పిల్లరుకు జానెడు దూరంలో ఆగింది. ఎడమ అద్దం ఎగిరి రోడ్డు మీద పడింది. వెనక ఆడవాళ్ళు "యేసయ్యా" అని ఒకరు, "ఎల్లమ్మ తల్లీ" అని ఒకరు అరిచారు. శాంతాబాయి నుదురు ముందు సీటుకు కొట్టుకొని బొప్పి కట్టింది.

ఆమె దిగి, ఫుట్‌పాత్ మీద కూర్చొని, కొంగు నుదుటికి అదుముకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే హెన్రీకి తేలికయ్యేది.

"హెన్రన్నా," అంది చివరికి. "నీ బిడ్డను మేం ఎన్నడన్న కాదన్నమా? ఆమె కూసుంటే మేం ఇర్కుకున్నం. గని బండి కాలు ఇరిగిందాక చూసుకోవా? ఇయ్యాల మాకేమన్న అయితే, మా బరువులు ఎవలు మోద్దురు?"

హెన్రీ మోకాళ్ళ మీద కూర్చొని టైరు మార్చాడు. విప్పిన టైరు లోపలి అంచు మీద రబ్బరే లేదు, తీగలు తేలి ఉన్నాయి. ఆయన ఆ తీగల మీద అరచెయ్యి రాసి చూశాడు. ఆడవాళ్ళను ఆటో ఎక్కించి, నడక వేగంతో కారును నాచారం తెచ్చాడు. షాపు ముందు దిగి కృపతో ఒక్క మాటే అన్నాడు.

"మార్చు."

సాలమ్మ షేర్ ఆటోలో పరుగున వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదని రెండుసార్లు చెప్పించుకొని, స్టూలు మీద కూర్చుంది. బిక్షపతి కారు పైకి లేపాడు. ఎడమ స్ప్రింగు కింది చుట్టు దగ్గర తెగి ఉంది. తెగిన చోట సగం తుప్పు, సగం కొత్త మెరుపు. చాలా రోజుల కిందే చిట్లి ఇవాళ పూర్తిగా విరిగినట్టు. స్ట్రట్ విప్పి కడ్డీని అరచేత్తో నొక్కితే లోపలికి పోయింది. మెల్లగా మళ్ళీ పైకి రావాలి. రాలేదు.

"ఇది సచ్చి ఎన్ని దినాలైందో," అన్నాడు బిక్షపతి.

కృప కొత్త స్ట్రట్‌ల డబ్బాలు విప్పసాగింది.

రెండు పక్కలా కొత్తవి బిగించారు. కారును కిందికి దించారు. చక్రాలు నేలకు ఆనాయి, కారు బరువు వాటి మీద కూర్చుంది. సాలమ్మ లేచి వచ్చి, ఎప్పటిలాగే ఎడమ చక్రం పైన సందులో వేళ్ళు పెట్టింది. నాలుగూ పట్టాయి. ఇంకా సందు మిగిలింది. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టింది. బిక్షపతి వైపు చూసింది.

"ఇరికినట్టుంది వదినా, ఆగు." బిక్షపతి బానెట్ మీద రెండు చేతులూ వేసి కారును ఊపాడు. రోడ్డు మలుపు దాకా నడిపి వెనక్కి తెచ్చాడు. ఆపి చూస్తే అంతే. కుడి పక్క కంటే ఎడమ పక్క రవ్వంత కిందికి ఉంది. పరీక్షగా చూసేవాళ్ళకు తప్ప కనబడనంత.

"కొత్త స్ప్రింగు గద, బిగుసు మీదుంటది," అన్నాడు హెన్రీ. "నాలుగు దినాలైతే కూసుంటది. కూసోదా బిక్షపతీ?"

"కూసుంటది... కొంచెం," అన్నాడు బిక్షపతి, పానాలు ఏరుకుంటూ.

కొత్త స్ప్రింగు కొంచెం దిగడం నిజమే. ఆ కొంచెం ఎంతో కృపకు తెలుసు. నాలుగు రోజులు ఆగొచ్చు. ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు ఆగడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఈ ఇంట్లో కారణాలకు కొరత లేదు.

ఆమె షాపు మూలకు పోయింది. అక్కడ పాత కారు బ్యాటరీలు పడి ఉన్నాయి. ఒకటి ఎత్తుకొచ్చి డ్రైవరు సీటు మీద పెట్టింది.

"ఏంజేస్తున్నవు?" అన్నాడు హెన్రీ.

కృప నాలుగు చక్రాలకూ పలకలు తగిలించింది. మెషీన్ తెర చూసింది. ఎడమ పక్క ఇంకా కిందికే ఉంది. ఇంకొక బ్యాటరీ తెచ్చి మొదటిదాని పక్కన పెట్టింది. కారు కుడి వైపు మెల్లగా దిగింది. తెర మీద రెండు గీతలూ ఒక్క ఎత్తుకు వచ్చి నిలిచాయి.

రెండే బ్యాటరీలు, కలిపినా ముప్పై కిలోలు దాటవు. పెళ్ళి వయసు దాటుతున్న ఆడమనిషి, పొడుగు మనిషి, నీళ్ళ క్యాను భుజాన వేసుకొని రెండంతస్తులు ఎక్కే మనిషి.

బయట రోడ్డు మీద కంపెనీ బస్సులు పోతున్నాయి. సాలమ్మ డ్రైవరు సీటు దగ్గరికి వచ్చి, ఒక బ్యాటరీని రెండు చేతులా ఎత్తింది. మసి చీరకు అంటుతున్నా పట్టించుకోకుండా చంకన పెట్టుకొని నిలబడింది.

"ఆమెను ఇట్ల ఎత్తుకొని నీళ్ళ ట్యాంకర్ కాడికి పోతుంటి," అంది. "అప్పుడు గూడ ఇంతకంటె బరువే ఉండె కావచ్చు."

కృపకు పోయినేటి ఎండాకాలం నుంచి ఇవాళ్టి దాకా చూసిందంతా ఒక్కసారి తలకిందులైంది. తాము సంబరపడ్డ ప్రతి పొద్దూ కుంగింది ఇనుము. అక్క తేలికవుతూ వచ్చింది, దాచిపెట్టుకున్నట్టు, కొంచెం కొంచెంగా. మాంసం తెచ్చుకున్న ఆదివారం ఆమె ఏం తిన్నదో. బెల్టు కూత ఆగిన పొద్దున, సీటు మీద మనిషి ఉన్నదని కారుకు కూడా తెలియనంత తేలికైపోయింది. మళ్ళీ ఆ దగ్గే వచ్చిందేమో. వచ్చి ఉంటే ఈ ఇంటికి చెప్పి ఉండేది కాదు. ఎలా చెబుతుంది? ఆ దగ్గు తెచ్చే వాసన పేరు చెప్పే కదా నాయిన ఆమెను దింపింది.

హెన్రీ భార్య చంకలోంచి బ్యాటరీ తీసుకొని కింద పెట్టాడు. రెండోదీ తీసి పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అలైన్‌మెంట్ చెయ్యి బిడ్డా."

"ఎంత బరువుకు చెయ్యాలె నాయినా?"

ఆయన ఎడమ సీటు వైపు చూశాడు. గుంట అరచెయ్యి పట్టేంత ఉంది.

"ఉన్నంతకే," అన్నాడు.

కృప చక్రాల పలకలు మళ్ళీ సరిచూసింది. కిందికి దూరి, ఇన్నాళ్ళూ తను వంకరగా తిప్పి పెట్టిన రాడ్లను ఒక్కొక్క మరే వెనక్కి తిప్పింది. ఈసారి చక్రం ఎదురు చెప్పలేదు. పెట్టిన చోట నిలబడింది. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, కొంచెం నడిపి వదిలితే, మెల్లగా దానంతట అదే మధ్యకు వచ్చింది. ఆమె కారులోంచి బయటికి వచ్చేసరికి తండ్రి బిక్షపతితో మాట్లాడుతున్నాడు. మొహం రోడ్డు వైపు ఉంది.

"జవహర్‌నగర్ దిక్కు ఈ యాల్ల ట్రాఫిక్ ఎట్లుంటది?"

"ఈసీఐఎల్ దాంక జర కష్టమన్నా," అన్నాడు బిక్షపతి, ఆ ప్రశ్న రోజూ వినేదే అన్నట్టు. "అది దాటితే ఫికర్ లేదు."

"రూము ఏడనో గూడ ఎరికలేదు మనకు," అంది సాలమ్మ. అది నిందించినట్టు లేదు. ఇప్పుడే తనకూ తెలిసినట్టు ఉంది.

ముగ్గురూ కృప వైపు చూశారు. ఆమె వేళ్ళ నిండా గ్రీజు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది. తుడుచుకుంటూనే మాట వెతుక్కుంది. ఎట్లున్నవు అని అడగొద్దు, మంచిగున్న అంటుంది. నాయిన రమ్మంటున్నడని చెప్పొద్దు, ఆలోచిస్తది. తప్పయింది అని మొదలుపెడితే తనే ఏడుస్తుంది, అక్క ఓదారుస్తూ అసలు సంగతి దాచేస్తుంది. నీ రూము ఏ గల్లీలున్నదక్కా, బండి బయలుదేరింది అనాలె. అంతే అనాలె.

గుడ్డ పక్కన పడేసి, ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టింది.